రెండో మెట్టు మీద క్లిప్పు

అన్యాయం జరిగింది ఎవరికి? లూసీకి. చేసినవాడు ఎవరు? ఆనందబాబు. ఎలా చేశాడు? చేయి చేసుకోలేదు, చాటున చాడీలు చెప్పలేదు. చికాగో పక్క నేపర్‌విల్‌లో తెలుగు క్రైస్తవ సంఘం పెట్టిన కొత్తలో, ఒక శుభ శుక్రవారం ఆరాధనలో, ఆమె ఎత్తుకున్న సిలువ పాటను, గిటారుతో వెంట వస్తున్న అతను మొదటి చరణం మధ్యలో ఆపేసి, సంఘమంతా వింటూ ఉండగా మైకులో ఎంతో మర్యాదగా ఇలా అన్నాడు: "అక్కా, మీకు శ్రుతి తప్పుతోంది. మీరు కూర్చోండి, మేం నడిపిస్తాం."

"పియానో మీద చూసుకునే ఎత్తుకున్నాను," అంది లూసీ.

"అది పాత పియానో అక్కా, దిగిపోయింది," అన్నాడు అతను.

అంతే జరిగింది. లూసీ కూర్చుంది. కూర్చున్న మనిషిని మళ్లీ లేపినవారు లేరు. దానికి ముందు, గిటారూ కీబోర్డూ లేని రోజుల్లో, ఒక అమెరికన్ చర్చిలో అద్దెకు తీసుకున్న హాల్లో పాతికమంది ముందు బెంచీల్లో సర్దుకుని కూర్చునే రోజుల్లో, ఏ పాటైనా ఎత్తుకోవలసింది లూసీయే. ఆ శుక్రవారం తర్వాత ఇళ్లలో ప్రార్థన కూటాలప్పుడు ఎవరైనా "అక్కా, ఒక పాట" అంటే, పక్కవారు "అక్క గొంతు మంచిదే గానీ, శ్రుతే కొంచెం..." అని టీ కప్పు చేతికిచ్చేవారు. లూసీ అక్క సైలెంట్ మోడ్‌లో ఉంటుందని ఒక హాస్యం పుట్టింది. నిన్న మొన్న ఎం.ఎస్. చదువుకు వచ్చిన పిల్లలు కూడా ఆ హాస్యాన్ని నేర్చుకున్నారు.

లూసీ నర్సు. ఆస్పత్రి నడవాకు ఈ కొసన నిలబడి, ఆ కొసన మోగే సెలైను పంపు ఏ గదిలోదో కూత విని చెప్పగల చెవి ఆమెది. ఆ చెవి నిజంగా తప్పిందా అన్న ప్రశ్న తొమ్మిదేళ్లుగా ఆమెను వదలలేదు. పాట వినిపిస్తే చాలు, పెదవులు కదిపేది, గొంతు కదిపేది కాదు. మనిషి గట్టిదే. కానీ తన చెవి మీద తనకు నమ్మకం పోయాక గట్టితనం ఏం చేస్తుంది?

రెండువేల పన్నెండులో, మట్టల ఆదివారానికి ముందు రోజు ఉదయం, ఆమె రూట్ ఫిఫ్టీనైన్ పక్కనున్న వాద్యాల కొట్టు వెనక గదిలో ఒళ్లో గిటారు పెట్టుకుని, నడుము నిటారుగా నిలిపి కూర్చుంది. ఎదురుగా చిన్న స్టూలు మీద ఎలీనా. ఎలీనా ఆనందబాబు కూతురు; కాలేజీలో చదువుకుంటూ శనివారాలు అక్కడ పాఠాలు చెబుతుంది. లూసీ పేరు నమోదు చేయించుకున్నప్పుడు కౌంటరులో ఉన్నతను ఖాళీ ఉన్న టీచరు ఎలీనా ఒక్కతేనన్నాడు. లూసీ కాదనలేదు. నేర్చుకోవలసింది గిటారు, అది ఎవరి కూతురి దగ్గరైతేనేం?

ఈ వయసులో ఎందుకని ఎలీనా మొదటి రోజే అడిగింది.

"ఆ వాద్యంలో ఏముందో, నాలో ఏం లేదో తెలుసుకోవాలమ్మా," అంది లూసీ.

ఎలీనాకు అది అర్థం కాలేదు గానీ "కూల్, ఆంటీ" అని ఊరుకుంది.

లూసీ గోళ్లు ఎప్పుడూ పొట్టిగానే ఉంటాయి. అది ఉద్యోగం నేర్పిన అలవాటు. ఎడమచేతి వేలికొసలు మొదటి వారాల్లో బొబ్బలెక్కి, ఊడి, ఇప్పుడు కాయలు కాశాయి. ఇంట్లో రోజూ భోజనానికి ముందు తీగల పేర్లు పైకి చదివేది. ఈ శనివారం తీగల పేర్లు దాటి మెట్ల పేర్లకు వచ్చారు. గిటారు మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు కమ్మీల మధ్య చోటు ఒక్కొక్కటీ ఒక మెట్టు; ఏ మెట్టు మీద నొక్కితే ఏ స్వరం పలుకుతుందో పేరుపెట్టి చెప్పాలి.

"షేప్స్ వద్దు ఆంటీ. వేళ్ల షేప్స్ ఎవరైనా కాపీ చేస్తారు. నోట్ నేమ్ చెప్పాలి. ఇది లావు స్ట్రింగ్. ఓపెన్‌గా వదిలితే?"

"ఇ."

"గుడ్. నెక్స్ట్ లెటర్ ఎఫ్. ఎఫ్ ఎక్కడ?"

లూసీ ఆలోచించకుండానే వేలును రెండో మెట్టు మీద పెట్టి మీటింది.

"నో ఆంటీ. అది ఎఫ్ షార్ప్. వన్ బ్యాక్."

లూసీ వేలు తీయలేదు. "ఎఫ్ ఇక్కడ కాదూ?"

"ఫస్ట్ మెట్టు, ఆంటీ. మిగతా లెటర్స్ మధ్య రెండు మెట్లు. ఎఫ్ నుంచి జి రెండు. జి నుంచి ఎ రెండు. కానీ ఇ నుంచి ఎఫ్‌కి ఒకటే. బి నుంచి సికి కూడా ఒకటే. వాటి మధ్య ఇంకేం లేదు. అందరూ ఫస్ట్ ఇక్కడే మిస్టేక్ చేస్తారు."

లూసీ మనసులో డో, రే, మీ, ఫా అనుకుంది. బాపట్ల బోర్డింగు బళ్లో మిస్సమ్మ బెత్తం గాలిలో పైకి జరుపుతూ పాడించిన స్వరాలవి. మీ నుంచి ఫాకు వెళ్లేటప్పుడు బెత్తం కొంచెమే కదిలేది. గొంతు ఎప్పటినుంచో ఎరిగిన దూరమే అది. అక్షరాల్లో చెప్పేసరికి పోల్చుకోలేకపోయింది.

"మరి మీ నాన్నగారు సిలువ పాటకు ఎఫ్ అని చెప్పి క్లిప్పు ఇక్కడ పెడతారు కదమ్మా?"

క్లిప్పు అని సంఘంలో అందరూ అనేది క్యాపోను. ఆరు తీగలనూ ఒకే మెట్టు మీద బిగించి పట్టే చిన్న మర అది. దాన్ని పైమెట్టుకు జరిపిన కొద్దీ పాట పైకి పోతుంది. వాయించేవాడు మాత్రం తనకు వచ్చిన పాత వేళ్లతోనే వాయించుకోవచ్చు. ఆనందబాబు వాయించే పాటలన్నీ అలాంటివే.

"యా," అని ఎలీనా నవ్వింది. "డాడీ డి షేప్‌కి రెండో మెట్టు మీద పెడితే ఇ వస్తుంది. సి షేప్‌కి రెండు పెడితే డి. జి షేప్‌కి రెండు పెడితే ఎ. సో, ఇ షేప్‌కి రెండు పెడితే ఎఫ్ అనుకున్నాడు. లాజికలే, బట్ రాంగ్. అందుకే ఆ ఒక్క పాటకి కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ ప్లస్ వన్ నొక్కి ఒక మెట్టు పైకి జరుపుకుంటారు. కీబోర్డే తక్కువ పలుకుతుంది అనుకుంటారు. ఇట్స్ సో..."

లూసీ ముఖం చూసి ఆ పిల్ల మాట మింగేసింది.

"ఆ రోజు నేను పియానో మీద ఎఫ్ నొక్కి చూసుకుని ఎత్తుకున్నాను," అంది లూసీ మెల్లగా.

ఎలీనా అప్పటికి చిన్నపిల్ల. అయినా గుర్తుంది. "మీరు కూర్చున్నారు," అంది. "నేను మమ్మీని అడిగాను, ఆంటీ ఎందుకు ఆగిపోయింది అని. మమ్మీ నా నోరు మూసింది."

"ఇది ఎఫ్ కాదని మీ నాన్నగారికి తెలుసా?"

ఎలీనా తన గిటారు మెడ చివర మరను పట్టుకుని, శ్రుతిలోనే ఉన్న తీగను కొంచెం దించి మళ్లీ ఎక్కించింది.

"నేనే చెప్పాను ఆంటీ. హైస్కూల్లో ఉన్నప్పుడు. ఫస్ట్ కోప్పడ్డాడు. తర్వాత గిటార్ తీసుకుని, ఒక్కొక్క మెట్టూ నొక్కి చూశాడు. చాలాసేపు చూశాడు. అప్పుడు, అందరికీ అలవాటైపోయింది, లీవ్ ఇట్ అన్నాడు. మీ థింగ్, ఈ థింగ్ కనెక్టెడ్ అని నాకు ఇప్పటిదాకా తట్టలేదు. ఐ యామ్ సారీ, ఆంటీ."

"నువ్వెందుకు చెబుతావు సారీ?" అని లూసీ వేలును ఒక మెట్టు వెనక్కి జరిపి, గట్టిగా నొక్కి మీటింది. స్వరం సన్నని గదిలో నిండుగా నిలిచింది. "ఎఫ్," అంది. "ఇంకా ఎక్కడెక్కడ ఉందో చూపించు."

ఇద్దరూ వెతికారు. నాలుగో తీగ మీద మూడో మెట్టు. రెండో తీగ మీద ఆరు. అయిదో తీగ మీద పైకి, ఎనిమిదో మెట్టు దాకా వెళ్లాలి. మూడో తీగ మీద ఇంకా పైన, చేయి బాగా చాపితే గాని అందదు. ఎక్కడ దొరికినా లూసీ ముందు గొంతులో సన్నగా పలికి, తర్వాత మీటి చూసుకుంది. రెండూ ప్రతిసారీ కలిశాయి. ఎలీనా గడియారం చూసింది గానీ పాఠం అయిపోయిందని అనలేదు.

కారులో కూర్చున్నాక లూసీ తాళం తిప్పలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదుట లాండ్రీ కొట్టులోకి బట్టల బుట్టలు మోసుకుపోయేవాళ్లను చూస్తూ, "తప్పలేదు," అంది పైకే. ఇంకోసారి అంది. తర్వాత ముక్కు తుడుచుకుని ఇంటికి డ్రైవ్ చేసింది.

మర్నాడు, శుభ శుక్రవారానికి ముందొచ్చే మట్టల ఆదివారం. ఆరాధన అయ్యాక పిల్లలు కొమ్మలతో ఒకరినొకరు కొట్టుకుంటూ పార్కింగులోకి పోయారు. లూసీ మాత్రం కారు డిక్కీలోంచి గిటారు తెచ్చుకుని హాల్లో పియానో దగ్గరికి వెళ్లింది. ఆ అమెరికన్ చర్చిలో ఆర్గన్ వాయించే తెల్లజుట్టు ఆమె అక్కడ పువ్వులు సర్దుతోంది. ఈ పియానోకు శ్రుతి సరిచేయించడం ఎప్పుడైనా మానేశారా అని లూసీ ఇంగ్లీషులో అడిగింది. ఆమె కొంచెం నొచ్చుకుంది. నేను ఉండగా మానేస్తారా, ఏటేటా ఈస్టరుకు ముందు మనిషి వచ్చి సరిచేసి పోతాడు, మీ వాళ్లు ఇక్కడికి రాకముందు నుంచీ అంతే అంది. లూసీ పియానో మీద ఎఫ్ నొక్కింది. గిటారు మీద మొదటి మెట్టు నొక్కి మీటింది. రెండూ ఒకటిగా కలిసిపోయాయి. రెండో మెట్టు మీటింది. పంటికింద రాయి పడినట్టయింది. ఆర్గన్ వాయించే ఆమె పువ్వుల మీద నుంచి తలెత్తి, మొదటిదే సరైనది అంది, అడగకుండానే.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఒకరి మీద అభ్యంతరం ఉంటే ముందు ఒంటరిగా వెళ్లి అతనితోనే చెప్పాలి. వినకపోతే ఇద్దరిని వెంటబెట్టుకు వెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘం ముందు పెట్టాలి. చాలామంది ఈ పద్ధతిని తిరగేసి నడుపుతారు. ముందు ఊరంతా చెప్పి చివరికి ఆ మనిషి దగ్గరికి వెళతారు. లూసీ అలాంటిది కాదు. బుధవారం సాయంత్రం, గాయకబృందం ప్రాక్టీసుకు గంట ముందే ఆనందబాబు ఇంటి తలుపు తట్టింది.

తలుపు తీసింది అతని భార్య ఉష. "రండక్కా. ఏంటి ఇంత తొందరగా వచ్చారు?"

"ఆనందబాబు గారితో పని ఉందమ్మా."

"కిందున్నారు. ఇప్పుడే ట్రైన్ దిగి వచ్చారు. టీ పెట్టనా?"

"పెట్టు. పంచదార వద్దు."

బేస్‌మెంట్‌లో స్పీకర్లు, స్టాండ్లు, చుట్ట చుట్టిన కేబుళ్లు. ఆనందబాబు మెడలో ఆఫీసు బ్యాడ్జి తీయకుండానే మోకాళ్ల మీద కూర్చుని ఒక వైరు చిక్కు విప్పుతున్నాడు. "కూర్చోండక్కా," అని కుర్చీ మీద పుస్తకాలు తీశాడు.

"ఆ గిటారు ఒకసారి ఇస్తారా?"

"మీరు వాయిస్తారా?"

"నేర్చుకుంటున్నాను. మీ అమ్మాయి దగ్గర."

అతని చేతిలో వైరు ఆగిపోయింది. లేచి గిటారు తెచ్చి ఇచ్చాడు. లూసీ దాన్ని ఒళ్లో సర్దుకుని లావు తీగను వదిలి మీటింది. "ఇ," అంది. క్లిప్పు తీసుకుని మొదటి మెట్టు మీద బిగించి మీటింది. "ఎఫ్. ఆ శుక్రవారం నేను పాడింది ఇక్కడ." క్లిప్పు విప్పి రెండో మెట్టు మీద బిగించింది. "మీరు వాయించింది ఇక్కడ. పియానో దిగిపోలేదు. నేనూ దిగిపోలేదు."

ఆనందబాబు పైకి, తలుపు వైపు చూశాడు. "ఎలీనా చెప్పిందా?"

"స్వరాల పేర్లు చెప్పింది. మిగతాది నేను లెక్క కట్టుకున్నాను."

అతను ఇబ్బందిగా నవ్వి రెండు చేతులూ జోడించాడు. "అప్పుడు నాకు నిజంగా తెలియదక్కా. నాదే తప్పు. సారీ. ఎప్పటి మాటో, మనసులో పెట్టుకోకండి."

"తెలియక అన్నది నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. తెలిశాక ఎన్ని శుభ శుక్రవారాలు గడిచాయి?"

అతను బ్యాడ్జి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం?" అన్నాడు చివరికి. "సంఘంలో సగంమంది కొత్తవాళ్లు. వాళ్లకు అసలా సంగతే తెలియదు."

"లూసీ అక్కకు శ్రుతి ఉండదని వాళ్లకూ తెలుసు. ఎవరు చెప్పారంటారు?"

"నేను చెప్పలేదక్కా."

"మీరు ఒక్కసారి చెప్పారు. తర్వాత మీరు చెప్పనక్కర లేకపోయింది."

అతను వైరును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "చూడండక్కా, ఆఫీసులో నాకంటే చిన్నవాళ్లు నాకు మేనేజర్లు. నా మాట చెల్లేది ఈ పాటల దగ్గరే. వాయించేదే తప్పని మైకులో చెప్పుకుంటే ఈ పిల్లలు రేపు నా మాట వింటారా?"

ఇంత నిజం చెబుతాడని లూసీ అనుకోలేదు. ఒక్క క్షణం అతని మీద జాలి కలిగింది. జాలిని జాలిగానే ఉంచింది. దాన్ని తీర్పులో కలపలేదు.

"మీ మాట పోతుందేమోనని మీకు భయం," అంది. "నా మాట పోయి తొమ్మిదేళ్లయింది."

"మరీ కఠినంగా మాట్లాడుతున్నారు."

"అవును. మీరు ఆ రోజు చాలా మర్యాదగా మాట్లాడారు. నేను లేచి వెళ్లిపోవడానికి కూడా వీల్లేనంత మర్యాదగా."

"ఇప్పుడు ఏం చెయ్యమంటారు?"

"మైకులో అన్నారు. మైకులో చెప్పండి. ఈ బేస్‌మెంట్‌లో చెప్పిన సారీ బేస్‌మెంట్‌కే సరిపోతుంది."

"చెప్పకపోతే పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళతారా?"

"ముందు ఇద్దరిని తీసుకుని మళ్లీ మీ దగ్గరికే వస్తాను. పద్ధతి అదే కదా."

ఉష టీ తెచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి, కప్పు బల్ల మీద పెట్టి అక్కడే నిలబడిపోయింది. ఈలోగా పైన తలుపు చప్పుడైంది, బూట్లు విప్పుతున్న సందడి వినిపించింది. గాయకబృందం దిగివచ్చింది. కీబోర్డు వాయించే విద్య, చికాగోలో ఎం.ఎస్. చదివే పిల్ల, స్టాండు దగ్గర నిలబడి వేలితో మీటలు నొక్కుకుంది.

"ముందు సిలువ పాట," అన్నాడు ఆనందబాబు. "ఎఫ్." ఆ అక్షరం అతని నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది. వచ్చాక అతను లూసీ వైపు చూడలేదు.

"ప్లస్ వన్ పెట్టేశా అంకుల్," అంది విద్య. "ఈ కీబోర్డ్ ఈ ఒక్క పాటకే ఎందుకు దిగుద్దో నాకైతే అర్థం కాదు."

"పాటను బట్టి దిగుతుందమ్మా, భక్తి గల కీబోర్డు," అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు. ఆనందబాబు నవ్వలేదు. క్లిప్పు రెండో మెట్టు మీదే ఉంది. లూసీ బిగించిన చోటే. అతను దాన్ని కదపలేదు. వాయించాడు. పాట రెండో వరుసలో పై స్వరం దగ్గర ఉష గొంతు చీలింది. ఆమె దగ్గి, "ఈ పాట వచ్చేసరికి నాకు గొంతు పట్టేస్తుంది," అని మంచినీళ్లు తాగింది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు తమకూ అంతేనన్నారు.

లూసీ టీ తాగి, పైకి వెళ్లి, కప్పు కడిగి బోర్లించి, కోటు వేసుకుని వెళ్లిపోయింది.

గురువారం మధ్యాహ్నం ఎలీనా ఫోన్ చేసింది.

"ఆంటీ, డాడీ ఈరోజు ఆఫీస్‌కి వెళ్లలేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాడు. బేస్‌మెంట్‌లో గిటార్ పట్టుకుని కూర్చున్నాడు. పాట కాదు. నోట్స్ చెప్పుకుంటున్నాడు. ఒక్కొక్క స్ట్రింగ్ మీద, కింద నుంచి పైకి. ఇ, ఎఫ్, జి... లైక్ ఎ కిడ్. బి, సి దగ్గర మళ్లీ తప్పు చేశాడు. నేను వెళ్లి చెప్పనా?"

"అడిగాడా?"

"లేదు."

"అయితే వద్దు. నేర్చుకోనీ."

ఫోన్ పెట్టాక లూసీ చాలాసేపు వంటింట్లో నిలబడింది. అతను చెబుతాడని నమ్మకం కుదరలేదు. స్వరాలు నేర్చుకోవడం వేరు, నోరు తెరవడం వేరు. రెండో అడుగుకు ఎవరిని వెంట తీసుకువెళ్లాలో ఆలోచించి, ఉషను అడగాలని నిశ్చయించుకుంది.

శుభ శుక్రవారం పన్నెండు గంటలకు ఆరాధన మొదలైంది. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు, ఒక్కొక్కరి తర్వాత ఒక పాట. మూడు గంటల దాకా సాగుతుంది. తెల్లచీరలు, తెల్లచొక్కాలు. ఆఫీసు మధ్యలో వచ్చినవాళ్లు వెనక గోడ వెంట నిలబడ్డారు. లూసీ ఎప్పటిలాగే నాలుగో వరుస కొసన కూర్చుంది. మూడో మాట మీద ప్రసంగం ముగిసింది. గాయకబృందం లేచింది. ఆనందబాబు గిటారు భుజాన వేసుకున్నాడు. క్లిప్పు రెండో మెట్టు మీద ఉంది.

లూసీ అది చూసి కళ్లు దించుకుంది. అంతే, ఇక చెప్పడు అనుకుంది.

అతను మొదటి వరుస వాయించాడు. పాడేవాళ్లు ఊపిరి తీసుకున్నారు. అప్పుడు అరచెయ్యి తీగల మీద పరిచి ఆపేశాడు. విద్య ఒక్కతే రెండు స్వరాలు ముందుకు వెళ్లి కంగారుగా ఆగింది.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు మైకులో. "తొమ్మిదేళ్ల కిందట, ఇదే హాల్లో, ఇదే పాట లూసీ అక్క ఎత్తుకుంటే నేను మధ్యలో ఆపేశాను. శ్రుతి తప్పుతోంది, కూర్చోమన్నాను. ఆ రోజు శ్రుతి తప్పింది అక్క కాదు, నేను. క్లిప్పు ఒక మెట్టు పైన పెట్టాను. అక్క పాడింది సరైన స్వరం. పియానో కూడా సరిగ్గానే ఉంది. కీబోర్డు కూడా సరిగ్గానే ఉందమ్మా, విద్యా."

ఎక్కడో చిన్న నవ్వు పుట్టి వెంటనే చచ్చిపోయింది.

"ఇది తెలియక చేశాను. కానీ తర్వాత తెలిసింది. మా అమ్మాయి చెప్పింది. తెలిసి కూడా నోరు మూసుకున్నాను. మీరంతా అక్కకు శ్రుతి ఉండదని అనుకుంటూ ఉంటే వింటూ కూర్చున్నాను. అది మొదటిదానికంటే పెద్ద తప్పు."

పాస్టరుగారు పుల్పిట్ పక్క కుర్చీలోంచి లేచి, రెండో మైకు అందుకున్నారు. మంచి మనిషి, ఎవరూ నొచ్చుకోవడం ఆయనకు ఇష్టం ఉండదు. "మంచి సాక్ష్యం ఇచ్చారు బ్రదర్. నిజమే, మనలో తప్పు చేయనివారు ఎవరున్నారు? ఈ రోజున మనమందరమూ..."

"అయ్యగారూ, క్షమించండి," అన్నాడు ఆనందబాబు. "అందరూ కాదు. నేను."

పాస్టరుగారు అతన్ని చూశారు, మైకు దించి కూర్చున్నారు.

"అక్కా," అన్నాడు ఆనందబాబు. "సంఘం ముందు అన్న మాట సంఘం ముందే తీసేసుకుంటున్నాను. నన్ను క్షమించండి. పాట మీరు ఎత్తుకోండి. మీ వెనక నేను వస్తాను. ఏ స్వరంలోనో చెప్పండి."

తలలన్నీ తిరిగాయి. లూసీ ముందు బెంచీ అంచు పట్టుకుని లేచింది. ఎఫ్ అనబోయి, అలవాటు కొద్దీ పాట రెండో వరుసలోని పై స్వరాన్ని గొంతులో, ఎవరికీ వినపడకుండా పలికి చూసుకుంది. అది రాలేదు. అంచుదాకా వెళ్లి గాలిగా మారిపోయింది. మరోసారి చూసుకుంది. పాడకుండా గడిపిన సంవత్సరాలు దాన్ని తీసుకుపోయాయి. దాన్ని ఆనందబాబు తెచ్చి ఇవ్వలేడు. అతను ఇవ్వగలిగింది చెప్పేశాడు.

హాలు ఎదురుచూస్తోంది. ఆమె తొందరపడలేదు. ఎడమచేతి బొటనవేలు చూపుడువేలి కొస మీది కాయను తడిమింది. ఎఫ్ నుంచి ఇ ఒక మెట్టు. ఇ నుంచి డి రెండు. గొంతులో మళ్లీ పలికి చూసుకుంది. పై స్వరం ఇబ్బంది లేకుండా కుదురుకుంది. ఈ సుఖం తన ఒక్కదానికే కాదనీ, ఆ వరుస దగ్గర మంచినీళ్లు తాగే ఆడవాళ్లందరిదీ అనీ ఆమెకు అప్పుడు తట్టింది.

"డి," అంది. మైకు లేకపోయినా వెనక గోడ దాకా వినిపించింది. "క్లిప్పు తీసేయండి. విద్యా, ట్రాన్స్‌పోజ్ సున్నాలో పెట్టమ్మా."

"డి," అని ఆనందబాబు మైకులో తిరిగి చెప్పాడు. క్లిప్పు విప్పి నేల మీద పెట్టాడు. వేళ్లను డి మీదికి తెచ్చి, ఒక్కసారి, మెత్తగా మీటి ఆగాడు. వరుస వాయించలేదు. ఆగి చూశాడు.

లూసీ ఎత్తుకుంది. మొదటి మాట కొంచెం బొంగురుగా వచ్చింది, రెండో మాటకు తేరుకుంది. గొంతు మునుపటిది కాదు. ఇప్పుడు బరువు ఎక్కువ, మెరుపు తక్కువ. స్వరం మాత్రం ఎక్కడ పెట్టిందో అక్కడే నిలిచింది. ఉష కలిసింది. తర్వాత ఆడవాళ్ల వైపు బెంచీలు ఒకటి తర్వాత ఒకటి కలిశాయి. పై స్వరం వచ్చినచోట ఎవరూ దగ్గలేదు.

వరుస చివర లూసీ పాతకాలపు పద్ధతిలో స్వరాన్ని కొంచెం సాగదీసింది. ఆనందబాబు తీగల మీద చూపు తీసి ఆమె నోటి వైపు చూస్తూ తానూ సాగదీశాడు. ఆమె ఊపిరి తీసుకుంటే ఆగాడు. ఆమె కదిలితే కదిలాడు. పాటలోని చరణాలన్నీ అలాగే నడిచాయి. అతను ఒక్కచోటా ముందుకు పోలేదు. పాట ముగిసింది. లూసీ పమిట సర్దుకుని కూర్చుంది. ఆనందబాబు ఆమెకు ఇవ్వవలసింది ఇంకేమీ మిగలలేదు.